మందుకు వరి తెలుసా?

వెదజల్లిన ఇరవయ్యో రోజున దాళ్వా చేను ఎంత ముచ్చటగా ఉంటుందో అంత మోసమూ చేస్తుంది. పెనుగొండ, ఆచంట, మారుటేరు వైపు ఏ గట్టు మీద నిలబడినా కనుచూపు మేర ఒకటే పచ్చదనం. అందులో వరి ఎంతో, ఊద ఎంతో గట్టు మీంచి తేల్చడం చదువుకున్నవాడి తరం కాదు. కలుపు తీసే ఆడవాళ్లు తేలుస్తారు. మొక్కను పట్టుకుని, ఆకు కాడను కలిసే చోట గోటితో కాస్త విడదీస్తారు. అక్కడ తెల్లటి పల్చని పొర, దానికి అటూ ఇటూ నూగుతో చిన్న చెవుల్లాంటివి రెండు కనిపిస్తే అది వరి. ఆ చోటు బోసిగా ఉంటే ఊద. అలవాటు పడ్డ చేతికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. ఆకు నడిమి ఈనె తెలుపు, మొదట్లో కాడ రంగు చూసి లాగేస్తుంది.

మందుల కొట్లో సీసా ఇచ్చే కుర్రాడు ఇంత కథ చెప్పడు. ‘ఇది కొట్టండి, ఊద చస్తుంది, వరికేం కాదు’ అంటాడు. చాలాసార్లు అలాగే జరుగుతుంది కూడా. కానీ సీసాలో ఉన్నది ఒక రసాయనం. దానికి కళ్లు లేవు, గోరు లేదు. వరీ ఊదా రెండూ గడ్డి కుటుంబానివే, దాయాదులు. ఒకే నీళ్లలో, ఒకే ఎండలో పక్కపక్కనే నిలబడ్డ దాయాదుల్లో ఒకణ్ణి చంపి ఇంకొకణ్ణి వదిలేయడం ఆ రసాయనానికి ఎలా తెలుస్తోంది?

తెలియదు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఎంపిక చేసేది మందు కాదు. వరి ఒంట్లో ఉన్న ఏదో ఏర్పాటు, లేదా రైతు చూసుకున్న అదను, లేదా మడిలో నిలబడ్డ నీళ్లు ఆ పని చేస్తాయి. ఈ మూడింటిలో ఏది తప్పినా అదే మందు వరిని కూడా తినేస్తుంది.

సీసాలు రాక ముందు డెల్టాలో కలుపును ఆపిన వాటిలో నీళ్లదే పెద్ద వాటా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ నీరు చేలకు అందింది. ఆ నీరు దాహం తీర్చడంతో ఆగలేదు. దమ్ము చేసి, ఊడ్చి, రెండు మూడు అంగుళాల నీరు నిలగడితే మట్టిలోని కలుపు గింజలకు గాలి అందదు. చాలా గింజలు మొలవవు, మొలిచినవి పైకి రాలేవు. వరి కాడలోనూ వేళ్లలోనూ గాలి గొట్టాలున్నాయి. ఆకులు పీల్చిన ప్రాణవాయువు వాటి గుండా బురదలోని వేళ్లకు దిగుతుంది. ఒకే నీరు ఒకరికి ఊపిరాడనివ్వదు, మరొకరికి ఏమీ కాదు. ఒకదాన్ని ఎంచి చంపి ఇంకొకదాన్ని వదిలేసే కలుపు మందు అంటే ఇదే కదా! కాలవ శివారు చేల రైతును అడగండి. నీరు వారం ఆలస్యమైతే కూలి ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్క చెబుతాడు.

నీటి తర్వాత చెయ్యి. చేతికీ ఒక చిక్కుంది. వేల ఏళ్లుగా మనుషులు వరిలో తేడాగా కనిపించిన గడ్డిని పీకేస్తూ వచ్చారు. అంటే తేడాగా కనిపించని గడ్డిని మిగులుస్తూ వచ్చారన్నమాటే. పంటను అనుకరించే కలుపు ఇలాగే పుడుతుందని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ గుర్తించాడు. చైనాలో యాంగ్జీ నది పరీవాహకంలో వరిలా నిటారుగా, వరిలా పచ్చగా పెరిగే ఒక ఊద రకం ఉంది. దాని జన్యువులను చదివి 2019లో ప్రచురించిన పరిశోధన, ఈ వేషధారణ సుమారు వెయ్యేళ్ల కిందట మొదలైందని తేల్చింది. మనం కలుపు తీసి తీసి కలుపుకి వరి వేషం కట్టడం నేర్పాం. కలుపు మందులకు మొక్కలు మొండికేస్తున్నాయని ఇవాళ వాపోతున్నాం గానీ, అవి మొదట మొండికేసింది మన చేతికే.

ఊదకు ఇంకో ఆయుధం ఉంది. చెరకులా, మొక్కజొన్నలా అది సి4 మొక్క. ఎండ మండే రోజుల్లో గాలిలోని బొగ్గుపులుసు వాయువును వరికంటే పొదుపుగా, వేగంగా పట్టుకుంటుంది. మాఘ ఫాల్గుణాల ఎండలో దాళ్వా వరి ఒక ఆకు వేసేలోపు ఊద ఎందుకు దాన్ని దాటిపోతుందో ఇందులో ఉంది.

ఇక సీసాల సంగతికి వద్దాం.

సార్వాలో ఊడ్పులైన మూడు నుంచి అయిదు రోజుల్లోపు బ్యూటాక్లోర్‌ని పొడి ఇసుకలో కలిపి చల్లడం డెల్టాలో తరాలుగా నడుస్తున్న పద్ధతి. యాభై శాతం మందు ఎకరాకు లీటరు నుంచి లీటరున్నర, ఇసుక ఇరవై కిలోల పైచిలుకు, మడిలో పల్చగా నీరు. కణాల పొరలు కట్టడానికి మొక్కకు పొడవాటి కొవ్వు ఆమ్లాలు కావాలి. ఈ మందు వాటిని తయారు కానివ్వదు. అప్పుడే కళ్లు తెరుస్తున్న మొలక అక్కడే ముడుచుకుపోతుంది. ఆ ఆమ్లాలు వరికి అక్కర్లేదా? కావాలి. కానీ ఆకుమడిలో పాతిక రోజులు పెరిగి వచ్చిన మొక్క అది. దాని వేళ్లు బురద లోపల ఉన్నాయి. మందు పైపైన ఉన్న మట్టి పొరను పట్టుకుని ఉండిపోతుంది. ఊద గింజ మొలిచేది ఆ పొరలోనే. వయసు తేడా, లోతు తేడా, అంతే. ఈ ఎంపికలో రసాయన శాస్త్రం సగం, ఊడ్పు కూలీల పని సగం.

అందుకే గడువు దాటితే మందు పనిచేయదు. రెండు ఆకులు దాటిన ఊద ఎంత చల్లినా నవ్వుతూ నిలబడుతుంది. చల్లిన రెండో రోజే నీళ్లు బయటికి వదిలేస్తే మందు పక్క చేలోకి పోతుంది, కలుపు మాత్రం మన చేలోనే ఉంటుంది.

కూలి రేట్లు పెరిగి, మనుషులు దొరకక, డెల్టాలో చాలామంది ఊడ్పులు మానేశారు. మొలకెత్తిన గింజను నేరుగా వెదజల్లుతున్నారు, కొందరు డ్రమ్ సీడర్ లాగుతున్నారు. ఖర్చు తగ్గింది, పది రోజుల ముందు కోతకొచ్చింది. కానీ ఒక్క దెబ్బకు వయసు తేడా పోయింది, లోతు తేడా పోయింది. వరి గింజా ఊద గింజా ఒకే రోజున, ఒకే బురదలో, ఒకే ఈడు పిల్లల్లా మొలుస్తున్నాయి. ఇప్పుడు అదే తరహా మందు చల్లితే రెండూ పోతాయి. దీనికి రసాయన శాస్త్రజ్ఞులు తెచ్చిన ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఆ తరహాదే అయిన ప్రెటిలాక్లోర్‌తో పాటు ఫెన్‌క్లోరిమ్ అనే రెండో పదార్థాన్ని అదే సీసాలో పోశారు. ఆ రెండోది కలుపును చంపదు. వరి మొలకలోకి వెళ్లి, విషాన్ని విరిచే ఎంజైములను ముందే మేల్కొలుపుతుంది. విషం, వరికి మాత్రమే పనిచేసే విరుగుడు, రెండూ ఒకే సీసాలో! వెదజల్లే వరికి కొనే ప్రెటిలాక్లోర్ సీసా మీద ఈ విరుగుడు కలిసి ఉందో లేదో చూసుకోవాలి. ఊడ్పు చేనుకి కొన్న మామూలు ప్రెటిలాక్లోర్ వెద చేలో చల్లితే చేను పల్చబడుతుంది.

ఇక్కడ భీమవరం గుర్తుకు రాకుండా ఉండదు. 1895లో ఆ ఊళ్లో పుట్టి, రాజమండ్రిలో కొన్నాళ్లు చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దయ్యాడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను ఆయన బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వైద్యం చేసి 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఈ మందుకూ క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో తెలియదు. వేగంగా చీలుతున్న కణం ఏదైనా పట్టుకుంటుంది. అందుకే పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు వైద్యులు వెనకాలే ల్యూకోవోరిన్ ఇచ్చి మంచి కణాలను గట్టెక్కిస్తారు. ఫెన్‌క్లోరిమ్ వరికి చేసేదీ దూరం నుంచి చూస్తే అలాంటి సాయమే. ఇంకో చిత్రం ఉంది. లెడర్లే అప్పట్లో అమెరికన్ సయనమిడ్ కంపెనీలో భాగం. సుబ్బారావు పోయిన కొన్ని దశాబ్దాలకు అదే కంపెనీ పెండిమెథలిన్‌నీ, ఇమాజెథాపైర్‌నీ కనిపెట్టింది. మన మినుము, పెసర చేలలో కొడుతున్నది ఆ మందులే. ఆయనకూ వాటికీ సంబంధం ఉందని కాదు. జీవకణంలో ఒక్క ఎంజైమును పట్టి ఆపితే చాలన్న ఆలోచన మాత్రం ఆస్పత్రిలోనూ పొలంలోనూ ఒక్కటే.

ఆ ఎంజైముల కథ తర్వాత. ముందు 2,4-డి.

ఇది యుద్ధకాలపు బిడ్డ. మొక్కలు పెరగడానికి ఆక్సిన్ అనే హార్మోను కావాలని 1920ల చివరికి తెలిసింది. దాన్ని పోలిన కృత్రిమ పదార్థాల కోసం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వేర్వేరు బృందాలు రహస్యంగా వెతికాయి. షికాగో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞుడు ఎజ్రా క్రౌస్, ఇలాంటి వాటితో జపాన్ వరి పంటను నాశనం చేయవచ్చేమో చూడమని సూచించాడు. యుద్ధం ముగిసింది. 1945లో 2,4-డి అమెరికా బజారులోకి వచ్చింది. తీరా చూస్తే అది చావగొట్టేది వెడల్పాటి ఆకుల మొక్కలను, గడ్డి జాతిని కాదు. వరిని చంపడానికి తలచుకున్న జాతి మందు చివరికి వరిని కాపాడే మందయింది. వియత్నాం యుద్ధంలో అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం 2,4-డి. ఆ ఘోరానికి మూలమైన డయాక్సిన్ మాత్రం రెండో సగమైన 2,4,5-టి తయారీలో చేరిన మలినం. అక్కడ వరి చేలను చంపడానికి ఆర్సెనిక్ ఉన్న మరో మందు, ఏజెంట్ బ్లూ, వాడాల్సి వచ్చింది.

వెడల్పాకు మొక్క 2,4-డిని తన సొంత హార్మోను అనుకుంటుంది. అసలు హార్మోనైతే పని కాగానే కరిగిపోతుంది, ఇది కరగదు. మొక్క అదుపు తప్పి మెలికలు తిరుగుతూ పెరుగుతుంది, కాడ వాచి పగులుతుంది, ఆహారం పోయే నాళాలు మూసుకుపోతాయి. అగ్నివేండ్రపాకు, గుంటగలగర వంటివి ఇలాగే పోతాయి. తుంగ జాతుల్లో కూడా కొన్ని లొంగుతాయి. వరికి నాళాలు చెల్లాచెదురుగా ఉంటాయి, ఎదిగే మొగ్గ ఆకుల తొడుగులో దాక్కుని ఉంటుంది, పైగా మందును త్వరగా మార్చేసుకుంటుంది. ఇదంతా పిలక తొడిగే వయసులో. అంతకు ముందు కొట్టినా, చిరుపొట్ట దశలో కొట్టినా వరికీ దెబ్బే. ఆకు చుట్టుకుని ఉల్లికాడలా గొట్టమవుతుంది. అది చూసి ఉల్లికోడు పురుగనుకుని ఇంకో మందు కొట్టే ప్రమాదమూ ఉంది. నేను చూసిన నష్టం ఇంతకంటే చిన్నది, కానీ ఇంట్లో బాగా తిట్లు తినిపించింది. 2,4-డి కొట్టిన స్ప్రేయర్‌ని నీళ్లతో ఒకసారి తొలిపి, అందులోనే పురుగు మందు కలిపి పెరట్లో వంగ మొక్కలకు కొట్టాం. వారానికి ఆకులన్నీ సన్నబడి, ఈనెలు ముడతలు పడి, ఫెర్న్ మొక్కల్లా తయారయ్యాయి. ఆ ఏడు మా ఇంట్లో వంకాయ కూర బజారు వంకాయతోనే. మినుము, పత్తి, బెండ, టమాటా ఏదైనా ఇంతే, తుంపర గాలికి వచ్చి పడినా చాలు.

ఇప్పుడు ఎంజైములు. ఈ తరం వరి రైతుకు బాగా పరిచయమైన బిస్‌పైరిబాక్ సోడియం జపాన్‌లో పుట్టింది. పది శాతం మందు ఎకరాకు 80 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే అసలు పదార్థం పది గ్రాముల లోపే. బ్యూటాక్లోర్ అయితే అరకిలో పైన పోయాలి. ఎందుకంత తేడా? వాలీన్, లూసీన్, ఐసోలూసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలను మొక్క తానే తయారు చేసుకుంటుంది. అందుకు ముందు నిలబడాల్సిన ఒక్క ఎంజైమును ఈ మందు పట్టేస్తుంది. మనుషులకూ పశువులకూ ఆ ఎంజైము లేనే లేదు. ఆ మూడూ మనకి పప్పులోంచో పాలలోంచో రావాల్సిందే. వరికి ఆ ఎంజైము ఉంది, మందు దాన్ని పట్టుకోగలదు కూడా. కానీ అది చేరేలోపు వరి దాన్ని విరిచి పనికిరాకుండా చేస్తుంది. ఊద అంత త్వరగా విరవలేదు. కొట్టిన వారం పది రోజుల దాకా ఊద పచ్చగానే ఉంటుంది, రైతుకి ఓపిక పోతుంది. తర్వాత లేత ఆకు పసుపై లాగితే ఊడి వస్తుంది. సైహాలోఫాప్ అనే మరో ఊద మందు కథ దీనికి తిరగేసినది. సీసాలో ఉన్న రూపం దాదాపు ఏమీ చేయదు. ఊద తనంతట తానే దాన్ని విషంగా మార్చుకుంటుంది, వరి దాన్ని పనికిమాలిన పదార్థంగా మార్చేస్తుంది. ఒకే ముద్ద, రెండు పొట్టలు.

ఈ రకం ఎంపికకు పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ ప్రొపానిల్. 1960 ప్రాంతంలో వచ్చిన ఈ మందును వరి ఒక ఎంజైముతో నరికేస్తుంది. ఊదకు ఆ ఎంజైము చాలా తక్కువ. కానీ కొన్ని పురుగు మందులు, ముఖ్యంగా కార్బమేట్, ఆర్గానోఫాస్ఫేట్ జాతివి, వరిలోని ఆ ఎంజైమునే కట్టేస్తాయి. రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొడితే వరి కత్తి పోగొట్టుకుని నిలబడుతుంది, చేను మాడిపోతుంది. కూలి మిగులుతుందని అన్నీ ఒకే డ్రమ్ములో కలిపే మన అలవాటుకి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి?

ఆ కథకు రెండో భాగం ఉంది. 1990 నాటికి అమెరికాలో అర్కన్సాస్ వరి చేలలో ప్రొపానిల్‌కి చావని ఊద దొరికింది. పరీక్షిస్తే దాని ఒంట్లో వరి వాడే ఆ ఎంజైమే దండిగా ఉంది. వెనకటికి చైనా చేలలో పై వేషం వరిది కట్టిన జాతి, ఈసారి లోపలి వేషం కూడా కట్టేసింది. ఒక్క ఎంజైమును పట్టే మందులకు ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఆ ఎంజైములో ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. బిస్‌పైరిబాక్ పట్టే ఎంజైమునే పట్టే క్లోర్‌సల్ఫ్యూరాన్ 1982లో అమ్మకానికొస్తే, 1987కల్లా అమెరికాలో ఐడహో గోధుమ చేలో దానికి లొంగని కలుపు బయటపడింది. మన దేశంలో మొదటి దెబ్బ హర్యానా గోధుమ రైతులకు తగిలింది. 1990ల మొదట్లో ఐసోప్రోట్యురాన్‌కి అక్కడి ‘గుల్లీ దండా’ గడ్డి లొంగడం మానేసింది. ఏటా ఒకే సీసా కొనే రైతు తెలియకుండానే మొండి ఊదకు విత్తనోత్పత్తి చేస్తున్నట్టు.

ఇక ఏ మందూ ఎంపిక చేయలేని కలుపు ఒకటుంది. అది వరే. వెదజల్లే చేలలో గింజ రాల్చేసి మళ్లీ మొలిచే అడవి వరులు, ఎర్ర గింజ రకాలు, విత్తనంలో కలిసొచ్చే బెరుకులు. వాటి ఎంజైములూ వరివే, విరుగుడూ వరిదే. దీనికి అమెరికాలో 2002 నుంచి ఇమాజెథాపైర్‌కు చావని వరిని అమ్మారు. కొన్నేళ్లకే ఆ గుణం పుప్పొడి ద్వారా కలుపు వరికీ చేరింది. మన దేశంలో 2021లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ అదే గుణమున్న రెండు బాస్మతి రకాలను విడుదల చేసింది. గోదావరి చేలకు బాస్మతితో పని లేదు గానీ, ఆ గుణం స్వర్ణలాంటి రకాల్లోకి వస్తే ఇక్కడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నా మట్టుకు నాకు ఈ సౌకర్యం మీద తొందర లేదు. ఊడ్పులు చేసే చోట ఈ తగాదాయే దాదాపు ఉండదు. వరుసలో లేని వరి కలుపే, అంత సులువు.

డెల్టాలో ఎంపికకు ఇంకో కోణం ఉంది, అది నీటి పొరుగు. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు వరి చేను పక్కనే చేపల చెరువు, దాని పక్కన రొయ్యల చెరువు. బ్యూటాక్లోర్ చేపలకు చాలా విషం. లీటరు నీటిలో మిల్లీగ్రాము కూడా లేని మోతాదే చాలు. వరి దాన్ని విరుస్తుంది, చేప విరవలేదు. చల్లాక కొన్ని రోజులు మడి నీరు బోదెలోకి వదలొద్దన్న నియమం అందుకు కూడా. మురుగంతా చివరికి యనమదుర్రు లాంటి డ్రెయిన్లలోకే చేరాలి మరి.

గట్టు మీద మందు వేరు. అక్కడ కొట్టేది గ్లైఫోసేట్. దానికి ఏ ఎంపికా లేదు, పచ్చగా ఉన్నదంతా పోతుంది. ఆ గట్టు మీదే పొన్నగంటి కూర మొలుస్తుంది, నూనెలో కాచుకునే గుంటగలగర మొలుస్తుంది, గేదెకు గరిక మొలుస్తుంది. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ని శిక్షణ పొందిన చీడ నియంత్రణ నిపుణులే కొట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. గట్ల మీద స్ప్రేయర్ మోసే కూలీని ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

మధ్యాహ్నం కలుపు పని ముగిసే వేళకు ఆడవాళ్లు పీకిన ఊదనంతా మోపు కడతారు. కూలి డబ్బుతో పాటు పాడి గేదెకు మేత. మోపు చాలకపోతే కొడవలి తీసుకుని గట్టెక్కుతారు. కోసే ముందు ఒకామె రైతుని అడిగింది.

‘గట్టు మీద మందు గానీ కొట్టేరాండీ?’

‘మేం కొట్టలేదమ్మా. అవతలి చేనోళ్లు మొన్న కొట్టేరు.’

ఆమె వంగి గరికను చూసింది. ఇంకా పచ్చగానే ఉంది. మొన్న కొడితే ఇవాళ్టికి పచ్చగానే ఉంటుంది. కొడవలి నడుముకు దోపుకుని, మోపు నెత్తికెత్తుకుని, కాలవ దాటి అవతలి గట్టు వైపు నడిచింది.